గాలికి 140, పండుకి 30

ఇది అనాస సోడా గురించి. వంటల పోస్టు అనుకుని దాటేయకండి, లోపల కొంచెం లెక్కలు కూడా ఉన్నాయి.

మాది సీతంపేట కొండలు, పార్వతీపురం మన్యం జిల్లా. సవరలం. మా పోడులో జీడిమామిడి, కందులు, వాటి మధ్యలో అనాస. జూన్ వచ్చిందంటే ఇంటి ముందు కుప్ప పడుతుంది, వాసన వీధి చివరిదాకా కొడుతుంది. తెల్లారకముందే మా అయ్య కావిడి కట్టి సంతకి దిగుతాడు. కావిడి మోసినవాళ్లకి తెలుసు, ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే మోకాళ్లు పట్టేస్తాయి.

సంతలో ఏం జరుగుతుందో మీలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. పొద్దున్న పండు 15 అంటాడు సావుకారు. మనం 20 అంటాం. అతను నవ్వి పక్క కావిడి దగ్గరికి వెళ్లిపోతాడు. మధ్యాహ్నానికి 12 అవుతాది. సాయంత్రం నాలుగు దాటితే 10, ఒక్కోసారి 8. అతనికి తొందర లేదు. పండిన అనాసని మళ్లీ కొండెక్కించి, ఇంట్లో మూడు రోజులుంచి, మళ్లీ దింపే పని ఎవరూ చెయ్యరని అతనికి తెలుసు. మూడో రోజుకి అడుగు మెత్తబడి పులుపు వాసన వచ్చేస్తుంది. బేరం ఆడేది సావుకారు కాదు, ఎండ.

నేను శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. అక్కడ మావాళ్లు చేతి ఖర్చుకి డబ్బులొస్తే ముందు కొనేది కూల్ డ్రింకే. నారింజ రంగుది, మామిడి బొమ్మ ఉన్నది, ఏదో ఒకటి. 20 రూపాయలు. అంటే మా అయ్య సాయంత్రం అమ్మిన రెండు అనాసలు ఒక చిన్న సీసాకి సమానం. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి అనట్లేదు, నేనూ తాగుతాను. చల్లగా ఉంటుంది, ముక్కులోకి ఎక్కుతుంది, ఎండలో బావుంటుంది. కానీ ఆ లెక్క ఒకసారి తలలోకొచ్చాక పోదు.

ఈ వేసవి సెలవుల్లో ఇంట్లో అనాస పాకం కాశాం. ముందు విధానం చెప్పేస్తాను.

బాగా ముగ్గిన పళ్లు మూడు తీసుకోండి. తొక్క తీసి, కళ్లు చెక్కి, ముక్కలు కొయ్యండి. నడిమి దంటు పారెయ్యకండి, అందులోనూ రసం ఉంది. మిక్సీ ఉంటే మిక్సీ, లేకపోతే రోట్లో దంచి, పల్చటి బట్టలో వేసి గట్టిగా పిండండి. మా కొండ పళ్లు మూడింటికి కిలో రసం అటూ ఇటుగా వస్తుంది. కిలో రసానికి 600 గ్రాముల పంచదార, మూడు నిమ్మకాయల రసం. స్టీలు గిన్నెలోనే కాయండి, సత్తు గిన్నె వద్దు, పులుపు దానితో పడదు. సన్న మంట మీద పంచదార కరిగేదాకా తిప్పుతూ, గిన్నె అంచున చిన్న బుడగలు మొదలవగానే ఇంకో ఐదు నిమిషాలుంచి దించెయ్యాలి. తెర్లించకూడదు. తెర్లిస్తే పండు వాసన ఆవిరితో పోయి జాము వాసన మిగులుతుంది. పచ్చి రసంతోనే సోడా కలుపుకుంటే కాదా అని అడుగుతారు. ఇంటి మట్టుకు అప్పటికప్పుడు తాగితే పర్వాలేదు. కానీ అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసకృత్తుల్ని విరిచేస్తుంది. ఎక్కువ తింటే నాలుక కోసినట్టుండేది చాలావరకు దానివల్లే. ఆ ఐదు నిమిషాల వేడికి దాని జోరు పోతుంది. పులిసే సూక్ష్మజీవులూ చాలామటుకు చస్తాయి.

వేడి నీళ్లలో ఉడికించి ఆరబెట్టిన సీసాలోకి వేడిగా ఉండగానే వంచి మూత పెట్టండి. ఫ్రిజ్‌లో అయితే రెండు వారాలు భయం లేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో ఈ పాకం నిలవదు, రెండో రోజుకల్లా తాగెయ్యాలి. నిలవుండేది వేరే కొలత, చివర్లో చెప్తాను.

పంచదార బదులు బెల్లం వేద్దామని అమ్మ పట్టుబట్టింది. వేశాం. బెల్లం రుచే వచ్చింది, అనాస ఎక్కడో అడుగున పడిపోయింది. తొక్కలు ఉడికించి అల్లం, బెల్లం వేసి అమ్మ చేసే కషాయం మాత్రం నాకు సోడా కంటే ఇష్టం, ఆ సంగతి ఇంకోసారి.

పైన చెప్పిన కొలతకి లీటరూ పావు పైన పాకం వస్తుంది. గ్లాసుకి 40 మిల్లీలీటర్లు పాకం, 160 సోడా. అలా 32 గ్లాసులు. పాకం ముందు వెయ్యాలి, సోడా తరవాత, గ్లాసు వాల్చి అంచు మీదుగా పొయ్యాలి. చెంచాతో గిరగిరా తిప్పితే ఉన్న గాలంతా పోతుంది.

మొదటిసారి కలిపి పోసినప్పుడు మా తమ్ముడు గ్లాసు ఎత్తి వెలుగులో చూశాడు. "రంగు ఏదన్నా?" అన్నాడు. లేత పసుపు, నీళ్లలాగే ఉంది. వాడి దృష్టిలో సోడా అంటే రంగుండాలి. సంతలో కలర్ పొడి 5 రూపాయలకి దొరుకుతుంది, తెస్తానని లేచాడు. మా అప్ప వద్దంది. ఇంటి వెనక నేరేడు చెట్టు కింద రాలిన పళ్లు గుప్పెడు ఏరుకొచ్చి, గింజ తీసి, రసం పిండి రెండు చెంచాలు పాకంలో కలిపింది. నిమ్మ పులుపు తగిలేసరికి నేరేడు ఊదారంగు కాస్తా గులాబీ రంగుకి తిరిగింది. నేరేడు రంగు స్వభావం అది, పులుపులో ఎర్రగా, వంటసోడా తగిలితే నీలంగా మారుతుంది. తమ్ముడు నాలుగు గ్లాసులు తాగాడు. నాకూ ఆ కొంచెం వగరు నచ్చింది. ఉట్టి అనాస కంటే నేరేడు కలిపిందే మేలని నా అభిప్రాయం, మీరు చేసి చూసి చెప్పండి.

ఇప్పుడు లెక్క. మూడు అనాసలు, సంత సాయంత్రం ధరకి 30 రూపాయలు. పంచదార 28. నిమ్మకాయలు 10. సోడా? 32 గ్లాసులకి ఐదు లీటర్ల పైమాటే కావాలి. 750 మిల్లీలీటర్ల సీసా 20 రూపాయల చొప్పున ఏడు సీసాలు, 140. మొత్తం 208 రూపాయలు, గ్లాసు ఆరున్నర పడింది. చవకే. కానీ విడివిడిగా చూడండి. పోడు నరికి, పిలక నాటి, ఏడాదిన్నర కాపలా కాసి, కావిడి మోసిన పండుకి 30. నీళ్లలో గాలి పట్టించినందుకు 140.

నాకు ఆ రాత్రి ఇదే తిరిగింది. ఆ గాలి ఏమిటో చదువుకున్నాం కదా, కార్బన్ డయాక్సైడ్. మనకి కొత్తది కూడా కాదు. జీలుగు కల్లు కుండ దింపగానే పైన నురగ కడుతుంది చూడండి, కాసేపాగితే చిటపటమంటుంది, అది ఈ గాలే. కల్లు పులిసేటప్పుడు చక్కెర విడిపోయి సారాయీ, గాలీ అవుతాయి. ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన 1767లో లీడ్స్ ఊళ్లో బీరు కాచే చోట, పులుస్తున్న తొట్టెల మీద నిలిచే ఈ గాలిని నీళ్లలో పట్టాడు. సోడా అలా మొదలైంది. 1783లో జెనీవాలో యాకోబ్ ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. 1872లో హైరం కాడ్ గోళీ పెట్టిన సీసాకి పేటెంట్ తీసుకున్నాడు, మన గోళీ సోడా సీసా అదే. లోపలి గాలి ఒత్తిడే గోళీని మూతికి నొక్కి పడుతుంది, వేరే మూత అక్కర్లేదు. మన తాతలు జీలుగు చెట్టు కింద కూర్చుని ఈ గాలినే పీల్చారు, ఎవరూ సీసాలో పెట్టి అమ్మలేదు, అంతే తేడా.

అయితే ఇంట్లో చెయ్యలేమా? చెయ్యొచ్చు, బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకి ఇది ఆట. ఒకటింపావు లీటరు ప్లాస్టిక్ కూల్ డ్రింక్ సీసాలు రెండు కావాలి. రెండు మూతలకీ కన్నాలు, చేపల తొట్టెకి వాడే సన్న పైపు. కన్నం పైపు కంటే కొంచెం చిన్నగా ఉండాలి, పైపు చివర ఏటవాలుగా కోసి లాగితే బిగిసిపోతుంది, జిగురుతో పని లేదు. ఒక సీసాలో లీటరు చల్లటి నీళ్లు, పైపు అడుగుదాకా మునగాలి. రెండో సీసాలో అర గ్లాసు నీళ్లలో నిమ్మఉప్పు మూడు టీ చెంచాలు (15 గ్రాములు) కరిగించాలి, ఇక్కడ పైపు మూతకి కాస్త కిందిదాకా ఉంటే చాలు. వంటసోడా నాలుగు టీ చెంచాలు (20 గ్రాములు) టిష్యూ కాగితంలో పొట్లం కట్టి అందులో జారవిడిచి, వెంటనే రెండు మూతలూ బిగించెయ్యాలి. కాగితం నానేలోపు మూత పడిపోవాలి, పొట్లం ఎందుకంటే అందుకే. గాలి పైపులోంచి నీళ్లలోకి బుడబుడమంటూ వస్తుంది. నీళ్ల సీసాని రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి. నిమ్మఉప్పు సీసా మాత్రం నిలువుగానే ఉండాలి, వాల్చితే ఆ ఉప్పు నీళ్లు పైపెక్కి ఇటొచ్చేస్తాయి. పది నిమిషాలాగి, ముందు నీళ్ల సీసా మూతనే మెల్లమెల్లగా వదులు చెయ్యాలి.

ఇందులో 84 గ్రాముల వంటసోడాకి 44 గ్రాముల గాలి వస్తుంది, అంటే మన 20 గ్రాములకి పది పైచిలుకు. ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ సీసా ఆగుతుంది. గాజు సీసాతో చెయ్యకండి, ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యకండి. గీతలు పడిన పాత ప్లాస్టిక్ సీసా కూడా వద్దు. కొలత పెంచితే ఘాటు పెరుగుతుందని ఎవరో ఒకరు మొదలుపెడతారు, పేలేది మీ మొహం ముందే. చిన్నపిల్లలకి ఇవ్వకండి.

నీళ్లు చల్లగా ఉండాలని ఊరికే అనలేదు. ఈ గాలి వేడి నీళ్లలో నిలవదు. మంచుకి దగ్గరగా ఉన్న నీళ్లు పట్టుకునే దాంట్లో సగమే 20 డిగ్రీల నీళ్లు పట్టుకుంటాయి, ఎండాకాలపు కుళాయి నీళ్లయితే ఇంకా తక్కువ. మాకు ఊట నీళ్లు తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. కాచి చల్లార్చిన నీళ్ల సీసాని అందులో ముంచి ఉంచాం. కొండ మీద ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఒకటే, అదీ కరెంటున్నప్పుడు. లీటరు సోడాకి నాకు 8 రూపాయలు పడింది. షాపు సోడా అంత ఘాటు లేదు, ముక్కులోకి ఎక్కదు. కానీ సోడా అంటే సోడాయే.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్ వాళ్లం దుకాణం పెట్టాం. నలుగురికీ అమ్మేది కాబట్టి పైపులూ పొట్లాలూ వద్దు, కొన్న సోడానే అనుకున్నాం. తొమ్మిది అనాసలు, మూడు గిన్నెల పాకం. పళ్లు మా ఇంటి నుంచే. సీనియర్ అక్క ఒకామె ఉంది, కామర్స్, లెక్క విషయంలో ఎవరినీ వదలదు. పండుకి 20 ఇవ్వాలని ఆమే తేల్చింది. పళ్లు దింపడానికొచ్చిన మా అయ్యకి 180 చేతిలో పెడితే తీసుకోలేదు.

"పిల్లల దగ్గర అంత తీసుకోడమేటి? సంతలో తొంభైకి పోతాయివి. తొంభై ఇయ్యండి సాలు" అన్నాడు.

ఆ అక్క పుస్తకం తెరిచి చదివింది. "బాబాయ్, సోడా షాపాయనకి నాలుగొందల ఇరవై ఇచ్చాం. ఆయన మమ్మల్ని పిల్లలని తగ్గించలేదు. పంచదారకి ఎనభై ఐదు, కిరాణా ఆయనా తగ్గించలేదు. కాగితం గ్లాసులకి ఎనభై. ఐసుకి యాభై, నిమ్మకాయలకి ముప్పై. ఒక్క పండు దగ్గరే తగ్గించాలా?"

మా అయ్య ఏమీ అనలేదు. కాసేపు ఆ గిన్నె వైపు చూశాడు. డబ్బులు మడిచి పంచె మడతలో పెట్టుకున్నాడు. గ్లాసు ఇస్తే సగం తాగి, "ఇది ఎన్నాళ్లుంటాది?" అని అడిగాడు. రుచి గురించి మాట లేదు. ఎన్నాళ్లుంటాది, అదొక్కటే అడిగాడు.

ఆ రోజు ఖర్చు 845. 15 రూపాయల చొప్పున 90 గ్లాసులు అమ్మాం, ఆరు మేమే తాగాం. 1350 వచ్చింది, 505 మిగిలింది. పండుకి రెట్టింపు ఇచ్చి కూడా మిగిలింది. ఒక్కరోజు పండగ దుకాణం లెక్కతో ఏడాది వ్యాపారం లెక్క వేసెయ్యకూడదు, నాకు తెలుసు. మా పనికి కూలీ అందులో కట్టలేదు, చోటుకి అద్దె లేదు.

తాగిన వాళ్లు "కెమికల్ లేదు కదా, ఆరోగ్యం" అంటుంటే నాకు నవ్వొచ్చింది. గ్లాసుకి 22 గ్రాముల దాకా చక్కెర ఉంది, బయటి కూల్ డ్రింక్‌తో దాదాపు సమానం. తేడా చక్కెరలో లేదు, పండు ఎంత ఉందో అందులో ఉంది. మా గ్లాసులో నూటికి 14 పాళ్లు అనాస రసం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం సోడా కలిపిన పండ్ల పానీయం అని పేరు పెట్టాలంటే రసం కనీసం 10 శాతం ఉండాలి, నిమ్మకైతే 5. ఈసారి కొన్న సీసా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. ముందు ఎంత పెద్ద పండు బొమ్మ ఉందో, వెనక అంకె ఎంతో చూడండి.

మా అయ్య అడిగిన ప్రశ్నకి వస్తాను. ఫ్రిజ్ లేకుండా నిలవాలంటే పాకంలో చక్కెర మొత్తం 65 శాతానికి చేరాలి. అంత చిక్కదనంలో పులిసే జీవులకి నీళ్లు దొరకవు. పండ్ల సిరప్ అని లేబుల్ వెయ్యాలన్నా కొలత అదే, 65 శాతం, రసం కనీసం 25. అనాస రసంలో సహజంగా ఉండే తీపి తీసేస్తే కిలో రసానికి కిలోన్నర పంచదార పడుతుంది. ఇది గ్లాసుకి 25 మిల్లీలీటర్లు చాలు. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, బండి మీద అమ్మేవాళ్లకి కూడా ఉండాలి.

ఇలాంటిది మనవాళ్లకి కొత్త కూడా కాదు. 1956లో పెట్టిన మన జీసీసీ నన్నారి షర్బత్ అమ్ముతోంది. రాయలసీమలో ఎండలకి నన్నారి పాకంలో నిమ్మకాయ పిండి గోళీ సోడా కొట్టిస్తారు, ఆ పాకం అడవి వేరు నుంచి వచ్చేదే. ఉట్నూరు వైపు మన ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు కడుతున్నారు. వన్ ధన్ వికాస కేంద్రాలు 2018 నుంచి ఉన్నాయి, 15 సంఘాలు, దాదాపు 300 మంది కలిస్తే ఒక కేంద్రం, 15 లక్షల వరకు సాయం. మీ ఊరి కేంద్రం తలుపు తెరిచి ఉందో లేదో మీరే వెళ్లి చూడాలి. మేం సెలవుల్లో వెళ్లి అడుగుదామనుకుంటున్నాం, సోడా యంత్రం, ఒక సిలిండరు దొరుకుతాయేమోనని. పండు మన దగ్గరే ఉంది. గాలి కూడా మన దగ్గరే ఉంటే ఆ 420లో ఎక్కువ భాగం కొండ మీదే ఆగుతుంది.

అరకు, చింతపల్లి వైపు వాళ్లు కమలాలతో గానీ, సీతాఫలంతో గానీ ప్రయత్నించి ఉంటే కొలతలు పెట్టండి. సీతాఫలం కాస్తే చేదెక్కుతుందని విన్నాను, నిజమో కాదో చేసినవాళ్లు చెప్పాలి. ఉసిరి పాకం నవంబరులో మొదలుపెడతాం.

జూలైలో కిలోన్నర కొలతతో కాసిన సీసాలు నాలుగు అటక మీద పెట్టాం. ఒకటి సెప్టెంబరులో తీసి చూశాం, బాగుంది, రంగు కొంచెం ముదిరింది. మిగతా మూడింటినీ మా అయ్య ముట్టుకోనివ్వట్లేదు. కందికొత్తల పండగకి తీస్తానంటున్నాడు. అప్పటికి అనాస కాలం పోయి ఎన్ని నెలలవుతుందో వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.